వేరు కుంపటి

చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో, దక్షిణపు ఒడ్డున, దివ్యజ్ఞాన సమాజం (థియాసఫికల్ సొసైటీ) వారి పెద్ద తోట ఉంది. బెంగళూరు బసవనగుడిలో బి.పి. వాడియా రోడ్డు మీద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ గ్రంథాలయం ఉంది. రెండో చోటును నెలకొల్పినాయన మొదటి చోటు నుంచి బయటికి నడిచిన మనిషి. ఆ గ్రంథాలయానికి వెళ్లే తెలుగువాళ్లందరికీ వాడియా పేరు తెలుసు, రోడ్డు బోర్డు మీదే ఉంది కదా. ఆయన వేరు కుంపటి పెట్టినవారని తెలిసినవాళ్లు మాత్రం తక్కువే ఉంటారు. ఆ కుంపటి అంత సద్దు లేకుండా రాజుకుంది.

ఒక కొత్త మతోద్యమంలోంచి ఇంకో వర్గం విడిపోయిందంటే మన ఇళ్లలో వినిపించే మాటలు రెండే. "కుర్చీ కోసం" అంటారు, లేదంటే "డబ్బు కోసం" అంటారు. ఈ రెండు మాటలతో చీలిక అర్థం కాదన్నది నా వాదన. కుర్చీ మీద ఆశ, డబ్బు మీద ఆశ ప్రతి సంస్థలోనూ ఉంటాయి. చీలికలు మాత్రం కొన్ని సంస్థల్లోనే వస్తాయి, అవీ ఎప్పుడూ ఒకే రకం అతుకుల దగ్గర వస్తాయి. గురువు తర్వాత దీక్ష ఎవరివ్వాలి? ఆస్తి ఎవరి పేరున ఉంది? గురువు మాటకు అర్థం చెప్పే హక్కు ఎవరిది? గురువు బతికుండగా, పదిమంది ఎదుట, ఈ మూడింటికీ జవాబు రాసిపెట్టని సంస్థకు చీలిక భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే వేరు కుంపటి పెట్టిన నాయకుడు ఎందుకు వెళ్లాడన్న చర్చ నాకు రెండో విషయం. వెళ్తూ ఏం పట్టుకెళ్లాడు, తాను పోయాక ఏం జరగాలో ఏం రాసిపెట్టాడు, ఈ రెండూ ముందు చూడాలి.

ఒకే చెట్టు నుంచి ఇన్ని కొమ్మలు విరగడం మనకు దగ్గర్లో కనిపించేది అడయారులోనే. బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్, విలియం క్వాన్ జడ్జ్ 1875లో న్యూయార్కులో పెట్టిన సమాజం 1882లో మద్రాసుకు మకాం మార్చింది. అక్కడి ఉపదేశం హిమాలయాల అవతలి మహాత్ములదని బ్లావట్‌స్కీ చెప్పేవారు. వాళ్ల ఉత్తరాలు వచ్చేవి, ఆ ఉత్తరాలకు ఆవిడే హామీ. 1891లో ఆవిడ పోయారు. తర్వాత మహాత్ముల ఉత్తరాలు జడ్జ్ చేతుల మీదుగా రావడం మొదలైంది. అవి ఆయన సొంత సృష్టేనని ఆరోపణ లేచింది. 1894లో లండన్‌లో విచారణ సంఘం కూర్చుంది, కూర్చుని ఏమీ తేల్చకుండానే లేచింది. మహాత్ములు ఉన్నారని కానీ లేరని కానీ సమాజానికి అధికారిక సిద్ధాంతం లేదు. ఉత్తరం అసలుదో కాదో చెప్పాలంటే ముందు ఆ మాట తేల్చాలి. ఆ అధికారం తమకు లేదన్నారు. మరుసటి ఏడాది అమెరికా శాఖ జడ్జ్ వెంట వెళ్లిపోయింది.

ఈ సమాజానికి నియమావళి ఉంది, అధ్యక్షుడున్నారు, శాఖలున్నాయి, ఓట్లున్నాయి. ఉత్తరాన్ని పరీక్షించే పద్ధతి ఒక్కటే లేదు. గోడ సరిగ్గా అక్కడే బీట వారింది.

1896 మార్చిలో జడ్జ్ పోయారు. విడిపోయి ఏడాది కూడా నిండలేదు. ఆయన స్థానంలోకి వచ్చిన క్యాథరిన్ టింగ్లీ 1898లో కొత్త నియమావళి తెచ్చి అధికారాలన్నీ తన చేతిలోకి తీసుకున్నారు. అది నచ్చని వాళ్లు మళ్లీ విడిపోయారు. అలా కొంతకాలానికి బయటికొచ్చిన రాబర్ట్ క్రాస్బీ 1909లో లాస్ ఏంజిలిస్‌లో యునైటెడ్ లాడ్జ్ ఆఫ్ థియాసఫిస్ట్స్ మొదలుపెట్టారు. రెండు చీలికలు లోపలి నుంచి చూసిన మనిషి కట్టిన ఇల్లు కాబట్టి దాని నిర్మాణం శ్రద్ధగా చూడాలి. అధ్యక్షుడు లేరు. కార్యవర్గం లేదు. సభ్యత్వ రుసుము లేదు. ఒక పేజీ ప్రకటన మీద సంతకం చేస్తే చేరినట్టే. పత్రికలో వ్యాసాల కింద రచయిత పేరుండదు, కాబట్టి వ్యాసాలతో పేరు పెంచుకుని గురువయ్యే దారి మూసుకుపోయింది. ఆస్తులు, ప్రచురణలు చూసుకోవడానికి థియాసఫీ కంపెనీ అని వేరే చట్టబద్ధ సంస్థ పెట్టారు. ఇల్లు ఒకరిది, ఉపదేశం ఎవరిదీ కాదు అన్న ఏర్పాటు అది.

వాడియా చేరింది ఈ లాడ్జ్‌లోనే. ఆయన అడయారులో అప్పటి సమాజ అధ్యక్షురాలు అనీ బెసెంట్‌కు దగ్గరి మనిషి. 1918లో పెరంబూరు మిల్లు కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ కట్టినవాళ్లలో ఒకరు, దానికి మొదటి అధ్యక్షుడు. అంత పలుకుబడి ఉన్నవారు చీల్చాలనుకుంటే మద్రాసులో ఓ పెద్ద ముక్కే చీల్చగలరు. 1922లో ఆయన రాజీనామా ఇచ్చారు. సమాజం బ్లావట్‌స్కీ అసలు బోధ నుంచి పక్కకు జరిగిందని కారణం చెబుతూ సభ్యులందరికీ బహిరంగ లేఖ రాశారు. కొత్త సంస్థకు తన పేరు పెట్టుకోలేదు, వేరే వాళ్లు అప్పటికే నడుపుతున్న లాడ్జ్‌లో చేరారు. 1929లో బొంబాయిలో దాని శాఖ తెరిచారు. 1945లో బసవనగుడి సంస్థ పెట్టారు. 1958లో పోయారు. ఆ తర్వాత వారసత్వం కోసం పెద్ద పోరు జరగలేదు, ఎందుకంటే పోరాడి దక్కించుకోవడానికి అక్కడ పీఠమే లేదు.

రుడాల్ఫ్ స్టైనర్ దారి వేరు. 1902 నుంచి జర్మన్ శాఖకు ప్రధాన కార్యదర్శి ఆయన. జిడ్డు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా ముందు పెట్టి 1911లో ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ద ఈస్ట్ స్థాపించడం ఆయనకు మింగుడు పడలేదు. 1912 చివర్లో ఆంత్రొపాసఫికల్ సొసైటీ పెడితే జర్మన్ సభ్యుల్లో ఎక్కువమంది వెంట నడిచారు. దశాబ్దం తర్వాత, 1923 క్రిస్మస్ సమావేశంలో, సంస్థను తిరిగి స్థాపించి అధ్యక్ష పదవి తానే తీసుకున్నారు. 1925 మార్చిలో పోయారు. పదేళ్లకు, 1935లో, ఆయన స్వయంగా ఎంచుకున్న కార్యవర్గంలోంచే ఇద్దరిని బయటికి పంపారు. వాల్డార్ఫ్ బడులు, వ్యవసాయ పద్ధతి, వైద్యం, ఇంత ఆలోచించిన మనిషి కూడా కార్యవర్గంలో తేడా వస్తే ఎలా తేల్చుకోవాలో సరిపడా ఆలోచించలేదు. గొప్పతనానికీ ఈ జాగ్రత్తకూ సంబంధం లేదని స్టైనర్‌ను చూస్తే తెలుస్తుంది.

ఇక మన మదనపల్లె కృష్ణమూర్తి. 1895లో పుట్టారు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగం నుంచి విరమించి 1909లో పిల్లలతో అడయారు వచ్చారు. ఆ ఏడాదే సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట పిల్లవాడు పడ్డాడు. తర్వాత తండ్రే కొడుకుల కోసం కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో గెలిచి, 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయారు. తెలుగు కుటుంబం ఒకటి ఇలాంటి ఉద్యమం చేతుల్లో పడి ఎంత నలిగిందో చెప్పేటప్పుడు ఈ కేసును ఎవరూ పెద్దగా తలవరు, తలవాలి. 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఒమ్మెన్ శిబిరంలో, బెసెంట్ ఎదురుగా ఉండగా, కృష్ణమూర్తి తన కోసం కట్టిన ఆ ఆర్డర్‌ను తానే రద్దు చేశారు. కానుకగా వచ్చిన కోట, భూములు ఇచ్చినవాళ్లకు తిప్పి పంపారు. సింహాసనం దిగి, దాన్ని ఇంకొకరికి ఇవ్వకుండా విరగ్గొట్టి వెళ్లిన నాయకుడు ఈ చరిత్రలో దాదాపు ఆయనొక్కరే.

అయినా కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన ప్రసంగాల ప్రచురణ, విరాళాల డబ్బు కృష్ణమూర్తి రైటింగ్స్ అనే సంస్థ కిందికి చేరాయి. దాన్ని నడిపింది ఆయన పాత సహచరుడు రాజగోపాల్. 1968లో కృష్ణమూర్తి దాంతో తెగతెంపులు చేసుకుని కొత్త ఫౌండేషన్ పెట్టాల్సి వచ్చింది. వ్యాజ్యం నడిచి 1974లో రాజీ కుదిరింది. సంస్థలే వద్దన్న మనిషి తన సొంత మాటల మీద హక్కు కోసం లాయర్ల చుట్టూ తిరిగారు. తప్పెవరిదని నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. "నాకు సంస్థ అక్కర్లేదు" అని వదిలేసిన సంస్థను ఇంకొకరు నడుపుతారు, నడిపేవాడి చేతిలో చెక్కుబుక్కు ఉంటుంది. వైరాగ్యం వల్ల కాగితం పని తప్పదు.

గుడివాడలో పెరిగిన యు.జి. కృష్ణమూర్తి ఇంకో అడుగు వేశారు. దివ్యజ్ఞాన సమాజం వదిలారు, జిడ్డు వారినీ వదిలారు, బెంగళూరుకు ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉన్నారు కానీ ఏమీ పెట్టలేదు. తన మాటలకు కాపీరైట్ లేదని ప్రకటించారు. 2007లో పోయారు. ఆయన్ని చీలిక నాయకుడు అనవచ్చా అంటే, అనలేం. నిప్పు తీసుకెళ్లారు, కుంపటి పెట్టలేదు.

ఇప్పుడు ఉత్తరాల దగ్గరికి వద్దాం. వారసత్వానికి ఆధారం కాగితమే అయినప్పుడు ఆ కాగితం ఎలా ఉండకూడదో చూపడానికి 1844 నాటి అమెరికా మంచి ఉదాహరణ. మోర్మన్ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను జూన్ 27న జైల్లో ఉండగా గుంపు కాల్చి చంపింది. వారసుడెవరో అందరూ ఒప్పుకునే కాగితం లేదు. బ్రిగమ్ యంగ్ పన్నెండుమంది అపోస్తలుల మండలి పేరు మీద ఎక్కువమందిని వెంటబెట్టుకెళ్లారు. కుటుంబం వైపు మొగ్గినవాళ్లు 1860లో స్మిత్ పెద్ద కొడుకును పీఠం ఎక్కించారు. ఇద్దరికీ నడుమ జేమ్స్ స్ట్రాంగ్ వచ్చారు. ఆ సంఘంలో చేరి అప్పటికి కొన్ని నెలలే. జూన్ 18 తేదీతో స్మిత్ తనను నియమించినట్టున్న ఉత్తరం చూపించారు. పోస్టు ముద్ర నిజమైనదే, సంతకం స్మిత్ చేతిరాతకు సరిపోలేదు. ఎంతోమంది పాతకాపులు ఆ ఉత్తరాన్నే నమ్మి వెళ్లారు. 1850లో బీవర్ దీవిలో ఆయన కిరీటం పెట్టించుకున్నారు. 1856లో ఎదురుతిరిగిన అనుచరులు కాల్చారు. గాయాలతో మూడు వారాలు బతికారు. ఆ మూడు వారాల్లోనూ వారసుడి పేరు చెప్పలేదు. ఉత్తరం చూపి వచ్చిన మనిషి ఒక్క ఉత్తరం కూడా రాయకుండా పోయారు.

ఇస్కాన్ తగువు కూడా ఉత్తరం మీదే, కాకపోతే అది నకిలీ అని అక్కడ ఎవరూ అనరు. దాని మూలం 1937లో ఉంది. గౌడీయ మఠం ఆచార్యులు భక్తిసిద్ధాంత సరస్వతి ఆ ఏడాది మొదటి రోజున పోయారు. మద్రాసు రాయపేటలో, మన కొవ్వూరులో గోదావరి ఒడ్డున కూడా మఠాలున్న సంస్థ అది. శిష్యులు వర్గాలై కోర్టుకెక్కారు. గురువుగారు పాలకమండలిగా కలిసి నడవమంటే శిష్యులు ఒక్క ఆచార్యుణ్ణి నిలబెట్టి చెడగొట్టారని, వాళ్లలో ఒకరైన భక్తివేదాంత స్వామి తర్వాత పదే పదే చెప్పేవారు. అందుకే 1966లో న్యూయార్కులో తాను పెట్టిన ఇస్కాన్ సంఘానికి 1970లోనే జీబీసీ అనే పాలకమండలిని ఏర్పాటు చేశారు. పరిపాలన సమస్య తీరింది. దీక్ష సమస్య తీరలేదు.

1977 జులై 9 నాటి ఉత్తరం ఒక పేజీ. రాసింది కార్యదర్శి, ఆమోదించి సంతకం పెట్టింది స్వామి. పదకొండు మంది పేర్లున్నాయి. ఆచార్యుల ప్రతినిధులుగా, ఋత్విక్కులుగా, వీళ్లు దీక్షలు జరిపించాలి. ఆలయ అధ్యక్షులు ఇకమీదట సిఫార్సులు దగ్గర్లో ఉన్న ప్రతినిధికి పంపాలి. దీక్ష పొందినవాళ్లు మాత్రం భక్తివేదాంత స్వామి శిష్యులే. నవంబర్ 14న ఆయన పోయారు. "ఇకమీదట" అంటే ఎప్పటిదాకా? మంచాన ఉన్నంతకాలమా, సంఘం ఉన్నంతకాలమా? ఇంగ్లీషులో ఆ ఒక్క మాట, హెన్స్‌ఫార్వర్డ్, మీద ఇరవై ఏళ్ల తర్వాత వేల పేజీల వాదం నడిచింది.

ఆయన పోయిన వెంటనే పదకొండు మందీ ప్రతినిధులుగా ఆగలేదు. ప్రపంచాన్ని మండలాలుగా పంచుకుని తామే దీక్షాగురువులై కూర్చున్నారు. పదేళ్లు తిరిగేసరికి వాళ్లలో సగం మంది ఆ స్థానాల్లో లేరు. 1987 నాటికి ఆ మండలాల పద్ధతి ఎత్తేసి గురువుల సంఖ్య పెంచారు. ఇంకో వర్గం మాత్రం అసలు ఉత్తరానికే తిరిగి వెళ్లాలంది: గురువు ఎప్పటికీ ఆయనే, మిగతావాళ్లు ఋత్విక్కులే. బెంగళూరు రాజాజీనగర్ హరేకృష్ణ గుట్ట మీద ఆలయం కట్టించిన మధు పండిత్ దాస ఆ వాదాన్ని తీసుకున్నారు. జీబీసీ ఆ వాదాన్ని అంగీకరించలేదు.

అక్కడి నుంచి తగువు ఎటు తిరిగిందో చూస్తే నా వాదన స్పష్టంగా కనిపిస్తుంది. బెంగళూరులో ఇస్కాన్ పేరుతో 1978లో కర్ణాటక సొసైటీల చట్టం కింద ఒక రిజిస్ట్రేషన్ జరిగింది. ముంబైలో 1971 నాటి రిజిస్ట్రేషన్ ఉంది. బెంగళూరు గుడి ముంబై సొసైటీకి శాఖా, లేక సొంత కాళ్ల మీద ఉన్న సొసైటీయా? గుట్ట స్థలం కేటాయింపు ఎవరి పేరున జరిగింది? 2001లో దావా పడింది. 2009లో సివిల్ కోర్టు బెంగళూరు వైపు చెప్పింది. 2011లో హైకోర్టు ముంబై వైపు తిప్పింది. 2025 మే 16న సుప్రీంకోర్టు మళ్లీ బెంగళూరు వైపు చెప్పింది. దాని మీద రివ్యూ పిటిషన్ కూడా పడింది. దావా వేసిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. "ఇకమీదట" అంటే ఏమిటన్న ప్రశ్నకు ఏ కోర్టూ జవాబు చెప్పదు, చెప్పలేదు. కోర్టు చూసేది రిజిస్ట్రేషన్ నంబరు, కేటాయింపు పత్రం, ఖాతా పుస్తకాలు.

బెంగళూరు వాళ్లు తమను చీలికవర్గం అంటే ఒప్పుకోరు. ఉత్తరం నుంచి చీలింది అవతలివాళ్లే అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఇల్లు వదిలి వెళ్లినవాడు, ఇంట్లోనే ఉండి "అసలు వంశం మాది" అన్నవాడు ఒకటి కారు. రెండోవాడు గుడి, వంటశాల, దాతల జాబితా ఉన్నచోటే ఉంచుకుంటాడు. బడిపిల్లలకు అన్నం పెట్టే అక్షయపాత్ర లాంటి పెద్ద సేవా కార్యక్రమం ఆగకుండా నడిచిందంటే అది అందువల్లే. కాకపోతే అలా ఉన్నవాడికి బరువు ఎక్కువ. ఋత్విక్కుల పద్ధతి శాశ్వతమైతే రేపటి ఋత్విక్కును ఎవరు నియమిస్తారు? ఆ ఉత్తరంలో పదకొండు పేర్లున్నాయి, పన్నెండో పేరు ఎలా చేరుతుందో వివరంగా లేదు. ఆ ఖాళీని ఎవరో నింపాల్సిందే, నింపినవాళ్లు దాన్ని బహిరంగంగా రాసి పెట్టాల్సిందే.

బ్రహ్మసమాజం నాయకుడు కేశవచంద్ర సేన్ విషయం మనవాళ్లకు కొంత తెలుసు, వీరేశలింగం గారి పుణ్యమా అని. 1864లో కేశవుడు మద్రాసు వచ్చి మాట్లాడి వెళ్లాకే అక్కడ వేదసమాజం పుట్టింది. దాన్ని మోసింది చెంబేటి శ్రీధరులు నాయుడు. 1866లో కేశవుడు దేవేంద్రనాథ్ ఠాగూరు నుంచి విడిపోయారు. పాతవాళ్లు జంధ్యం, కులం విషయంలో నెమ్మదిగా ఉన్నారని, ఏకవ్యక్తి పెత్తనమని ఆయన ఫిర్యాదు. విడిపోయాక తన సమాజంలో ఆయన చేసిందీ అదే. ఎన్నికలు లేవు, లెక్కలు ఆయన మనుషుల చేతుల్లో. 1872 వివాహ చట్టం కోసం కష్టపడింది ఆయనే, అందులో వధువుకు కనీసం 14 ఏళ్లు నిండాలి. 1878లో 14 నిండని తన కూతురు సునీతిని కూచ్‌బిహార్ యువ మహారాజుకిచ్చి చేశారు. రెండు నెలలకే సాధారణ బ్రహ్మసమాజం విడిపోయింది. శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ తదితరులు మొట్టమొదట చేసిన పని నియమావళి రాయడం: సభ్యుల ఓట్లు, ఎన్నికైన కార్యవర్గం, పదవీకాలం. చీలినవాళ్లలో తమను బాధపెట్టిన నియమాన్నే మార్చినవాళ్లు వీళ్లు. ఇంత చక్కటి ఉదాహరణ నాకు ఇంకోటి కనపడలేదు. 1884లో కేశవుడు పోయాక ఆయన మందిరంలో వేదిక మీద ఎవరు కూర్చోవాలని గొడవ. గురువుగారి వేదిక ఖాళీగానే ఉంచాలని కొందరు, ప్రతాపచంద్ర మజుందార్ ఎక్కాలని కొందరు. ఖాళీ వేదిక కోసం కూడా కొట్లాడుకున్నారు.

కాగితం ఆధారం కానిచోట దర్శనం ఆధారమవుతుంది. పుట్టపర్తి సత్యసాయిబాబా 2011 ఏప్రిల్ 24న పోయాక, బెంగళూరుకు ఉత్తరాన ముద్దేనహళ్లిలో, ఆయన సూక్ష్మశరీరంతో మాట్లాడుతున్నారన్న నమ్మకం మీద ఒక సమూహం ఏర్పడింది. పుట్టపర్తిలోని సెంట్రల్ ట్రస్టు ఆ మాటను అంగీకరించలేదు. తెలుగు కుటుంబాల్లో అన్నదమ్ములు ఒకరు అటు, ఒకరు ఇటు వెళ్లే పరిస్థితి వచ్చింది. ఎవరి అనుభవం నిజమని తేల్చడం నా పని కాదు. ఒక్క ఇబ్బంది చెబుతాను: దర్శనాన్ని ఇంకొకరు పరీక్షించలేరు, కాబట్టి దర్శనం మీద నిలబడ్డ నాయకత్వాన్ని రేపు ఇంకో దర్శనం సవాలు చేస్తే ఆపే దారి ఉండదు. జడ్జ్ ఉత్తరాల దగ్గర తగిలిన గోడే ఇది.

చీలిక ఒక్కరోజులో జరగదు, దాని అడుగులు దాదాపు అన్ని చోట్లా ఒకే వరసలో పడతాయి. గురువు ఆరోగ్యం పాడవుతుంది. గదిలోకి ఎవరు వెళ్లాలో కార్యదర్శో, సేవ చేసే మనిషో నిర్ణయిస్తాడు. ఆ నెలల్లో గురువు నోట వచ్చిందని చెప్పే మాటలకు సాక్షులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, చాలా తగువులు ఆ మాటల మీదే. గురువు పోయాక మొదటి రెండు వారాల్లో తేలేవి చాలా చిన్న వస్తువులు: గది తాళంచెవి, బ్యాంకులో రెండో సంతకం, ముద్రణాలయం, చిరునామాల జాబితా. ఇప్పుడైతే యూట్యూబ్ ఛానెల్ పాస్‌వర్డ్, వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో కొన్నారో అది, వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్ ఎవరో అది. చిరునామాల జాబితా ఉన్నవాడు మొదటి ఉత్తరం పంపుతాడు. మొదటి ఉత్తరం పంపినవాడు వారసుడిలా కనిపిస్తాడు, రెండో ఉత్తరం పంపినవాడు తిరుగుబాటుదారుడిలా కనిపిస్తాడు. ఆ తర్వాత కొత్త దీక్ష జరుగుతుంది. దీక్ష జరిగిన క్షణం నుంచి వెనక్కి రావడం కష్టం, ఎందుకంటే ఆ పిల్లవాడికి గురువెవరన్నది ఇక మారదు. ఆ పైన పేర్లు పెట్టుకోవడం మొదలవుతుంది, గురుద్రోహి అని ఒకరు, దొంగగురువు అని ఒకరు. సంబంధాలు కలుపుకోవడం మానేస్తారు. ఇంకో పదేళ్లకు విడిపోయిన వర్గం మళ్లీ విడిపోతుంది. బహాయీ మతంలో మేసన్ రెమీ 1960లో తానే సంరక్షకుణ్ణని, అంటే మతానికి పెద్దనని, ప్రకటించుకుని బహిష్కృతులయ్యారు. ఆయన వెంట వెళ్లిన కొద్దిమందే మళ్లీ మూడు నాలుగు ముక్కలయ్యారు.

చాలాకాలం చెన్నై మణపాక్కంలో ముఖ్య ఆశ్రమం ఉన్న శ్రీరామచంద్ర మిషన్‌లోనూ ఇదే చూశాం. 1983లో మిషన్ గురువు షాజహాన్‌పూర్ బాబూజీ పోయాక చెన్నై పార్థసారథి రాజగోపాలాచారి ఒకవైపు, షాజహాన్‌పూర్‌లో ఉన్నవాళ్లు ఇంకోవైపు వారసత్వం చెప్పుకున్నారు, ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి.

భక్తులు ఈ గొడవలో ఏం చేయగలరని అడుగుతారు. చేయగలిగింది గొడవ రాకముందే ఉంది. మీరు వెళ్లే సంస్థ సొసైటీనా, ట్రస్టా? సొసైటీ అయితే కనీసం ఏడుగురితో రిజిస్టరు అవుతుంది, కర్ణాటకలో 1960 చట్టం, తమిళనాడులో 1975 చట్టం. ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారు దగ్గర దాఖలు కావాలి. ఆ దస్త్రం నకలు రుసుము కట్టి తీసుకోవచ్చు. తీసుకున్నాక సభ్యుల జాబితా చూడండి. ఆదివారం వెయ్యిమంది కూర్చునే హాలు ఉన్న సంస్థకు పుస్తకంలో సభ్యులు ఇరవైమందే ఉండవచ్చు. ఆ ఇరవైమందిలో లేకపోతే మీరు భక్తులే తప్ప సభ్యులు కారు, మీకు ఓటు లేదు. ట్రస్టు అయితే సభ్యులన్న మాటే లేదు. దస్తావేజులో ధర్మకర్త ఖాళీ ఎలా భర్తీ అవుతుందన్న పేరా ఒక్కటి చదవండి. "మిగిలిన ధర్మకర్తలు నియమిస్తారు" అని ఉంటే, ఇద్దరే మిగిలి ఇద్దరికీ పడకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పబ్లిక్ ట్రస్టు దారి తప్పిందనుకుంటే, దానితో సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఇద్దరు చాలన్న సంగతి చాలామందికి తెలియదు.

విరాళం రసీదు మీద పేరు, బయట బోర్డు మీద పేరు ఒకటేనా అని చూడండి. రెండు సంస్థలకు పేరు ఒకటే ఉండి పాన్ నంబర్లు వేరుగా ఉండవచ్చు. విరాళం మీద పన్ను మినహాయింపు కోసం వచ్చే ధ్రువపత్రంలో పాన్ ఉంటుంది, రసీదుతో సరిపోల్చుకోండి. స్థలం ఎవరి పేరున ఉందో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే తెలుస్తుంది, కర్ణాటకలో కావేరి పోర్టల్, తమిళనాడులో టీఎన్‌రెజినెట్. ఆశ్రమం సొసైటీది, స్థలం గురువుగారి తమ్ముడిది అయిన చోట చీలిక వస్తే ఏం మిగులుతుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

తగువు మరీ ముదిరితే మూడోవాడు వస్తాడు. రెండు పిల్లుల రొట్టె తగువు కోతి తీర్చిన కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. 1973లో అరవిందాశ్రమం మదర్ పోయాక, పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ ఊరి మీద హక్కు అరవింద సొసైటీదా, నివాసులదా అని గొడవ పడ్డారు. 1980లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి నిర్వహణ తీసుకుంది. మత స్వేచ్ఛ హక్కు కింద కాపాడమని సొసైటీ వాళ్లు అడిగితే, 1982లో సుప్రీంకోర్టు, అరవిందుల బోధ మతం కాదు కాబట్టి ఆ రక్షణ వర్తించదంది. 1988 చట్టంతో ఆరోవిల్ ఫౌండేషన్ వచ్చింది. సొసైటీ కోరుకున్నది జరగలేదు, నిర్వహణ మూడోవాడి చేతికి వెళ్లింది.

నా వాదనకు బలమైన ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. వాడియాలా ఏమీ పట్టుకెళ్లనివాళ్ల సమూహాలు చిన్నవిగానే ఉండిపోయాయి. పీఠం, ఉత్సవం, కళ్లెదుట కూర్చున్న గురువు, ఇవి లేనిచోటికి జనం రారు. వేలమందికి అన్నం పెట్టగలిగింది, బడులు నడపగలిగింది బలమైన నాయకులున్న సంస్థలే. నిజమే. నాయకుడు వద్దని నేను అనడం లేదు. నాయకుడు ఉండాలి, ఆయన పోయిన మర్నాడు ఏం జరగాలో కూడా ఉండాలి. సాధారణ బ్రహ్మసమాజం వాళ్లు ఈ రెంటినీ కలపవచ్చని చూపారు. వాళ్లూ పెద్ద జనసమూహం కాలేదు కానీ మనవైపు బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు లాంటివారు నిలబడటానికి చోటిచ్చారు.

కాబట్టి కొత్తగా వేరు కుంపటి పెడుతున్నవాళ్లు, పెట్టినవాళ్ల వెంట వెళ్తున్నవాళ్లు, నియమావళిలో ఒక్క పేజీ అడిగి రాయించుకోవాలి. నాయకుడు మంచాన పడితే అది నిర్ణయించేది ఏ ఇద్దరు డాక్టర్లు. ఆ రోజు నుంచి కొత్త నియామకాలు, కొత్త ఆదేశాలు చెల్లవు. పోయిన ముప్పై రోజుల్లోపు ఎవరు సమావేశం పిలవాలి, పిలవకపోతే ఎవరైనా ఎంతమంది సంతకాలతో పిలవవచ్చు. దీక్ష ఎవరిస్తారు, ఇచ్చేవాళ్లను చేర్చేదెవరు, తీసేసేదెవరు. బ్యాంకు సంతకాలు ఎప్పుడూ ముగ్గురివి, ఇద్దరు చాలు, ఒకే కుటుంబం నుంచి ఒక్కరే. నాయకుడి ఉత్తరం చెల్లాలంటే తేదీ, ఇద్దరు బయటి సాక్షులు, సబ్‌రిజిస్ట్రారు ముద్ర. ఒక ప్రతి ఆఫీసులో, ఒక ప్రతి వేరే ఊరి శాఖలో. ఏటా గురుపూర్ణిమనాడు, హారతికి ముందు, నాయకుడు ఎదురుగా కూర్చుని ఉండగా, ఆ పేజీ పైకి చదవాలి.